ఊరి బడి కూడా రైతు సమస్యే

(మండల రైతు సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి, కాలువ నీళ్ల గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. నాకు ఇచ్చిన అంశం చదువు. రైతు సంఘం సభలో చదువు గురించి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఒక్క జూన్ నెల తలుచుకోండి. మృగశిర కార్తె వస్తుంది. దుక్కికి, విత్తనాలకు, ఎరువులకు డబ్బు కావాలి. అదే రోజుల్లో బడులు తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బస్సు అన్నిటికీ డబ్బు కావాలి. రెండింటికీ మనం వెళ్లేది ఒకే మనిషి దగ్గరికి. తెచ్చేది నూటికి రెండు రూపాయల వడ్డీకి. ఎవరైనా అడిగితే పంట పెట్టుబడికి అని చెప్తాం. అందులో ఎంత పొలానికి పోయిందో, ఎంత ఫీజు కౌంటర్‌లో పడిందో మన ఇంట్లోవాళ్లకే తెలుసు.

2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సర్వేలో దేశంలోని వ్యవసాయ కుటుంబాల్లో సగం అప్పుల్లో ఉన్నాయని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 కుటుంబాలు, తెలంగాణలో దాదాపు 92. ఆంధ్రలో సగటు అప్పు కుటుంబానికి రూ.2,45,554. దేశంలో ఇదే ఎక్కువ. ఈ అప్పుకు కల్తీ విత్తనం, పురుగు మందు, వాన, దళారీ కారణాలని మనం ఎప్పటినుంచో చెబుతున్నాం. ఆ జాబితాలో చదువు ఫీజును కూడా రాయాలని నేనంటున్నాను.

ఒక చిన్న లెక్క చెప్తాను. మీ లెక్క మీరు వేసుకోండి. ఎకరాకు 75 కిలోల బస్తాలు 28 పండాయనుకుందాం. అంటే 21 క్వింటాళ్లు. 2025-26కు సాధారణ రకం వరి మద్దతు ధర రూ.2,369. తరుగు తీయకుండా పూర్తి ధర ఇచ్చినా రూ.49,749. ఖర్చు 35 వేలు తీసేస్తే మిగిలేది 15 వేల లోపు. సొంత పొలం మూడెకరాలు ఉన్నవాడికి పంటకు 45 వేలు కూడా రాదు. కౌలు రైతుకు కౌలు కట్టాక చేతిలో ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. టౌనులో ప్రైవేటు ఇంటర్ కాలేజీలో హాస్టల్‌తో కలిపి ఒక్క పిల్లకు లక్ష దాటుతోంది. మూడెకరాల మీద రెండు పంటలు తీసినా ఒక్క బిడ్డ ఒక్క ఏడాది చదువుకు చాలదు.

మద్దతు ధర లెక్కగట్టే కమిషన్ విత్తనం రాస్తుంది, ఎరువు రాస్తుంది, ఇంటివాళ్ల కష్టానికి కూలి రాస్తుంది. పిల్లల చదువు రాయదు. అది పంట ఖర్చు కాదు, ఇంటి ఖర్చు అంటారు. సరే, ఒప్పుకుందాం. మరి ఆ ఇల్లు నడిచేది దేని మీద? పంట ధరలో చదువు లేనప్పుడు, ఊళ్ళో మంచి చదువు ఉచితంగానైనా దొరకాలి. రెండూ లేకపోతే మిగిలేది అప్పే.

ఊళ్ళో బడి ఉంది కదా, అక్కడ చేర్పించొచ్చు కదా అని ఆఫీసర్లు అంటారు. ఆ బడి ఎలా ఉందో చూద్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. 2024-25లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన లెక్కల్లోనే దేశంలో ఒకే టీచరున్న బడులు లక్షకు పైగా ఉన్నాయి. ఒక్క మనిషి అయిదు తరగతులకు అన్ని సబ్జెక్టులూ చెప్పాలి. మధ్యాహ్న భోజనం చూడాలి. ఫోన్‌లో ఫొటోలు, హాజరు, లెక్కలు ఎక్కించాలి. ఆయన సెలవు పెడితే బడికి కూడా సెలవే.

దీన్ని చూసి కాస్త స్తోమత ఉన్నవాళ్లు పిల్లల్ని ప్రైవేటు బస్సు ఎక్కించారు. పిల్లలు తగ్గారని ప్రభుత్వం టీచరును తీసేసింది. టీచరు పోయాడని ఇంకో పదిమంది వెళ్లిపోయారు. 2022లో ఆంధ్రలో 117 నంబరు జీవో పేరుతో 3, 4, 5 తరగతులను ఊరి బడి నుంచి తీసి హైస్కూళ్లలో కలిపారు. ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి పక్క ఊరు వెళ్లాలంటే ఏ తల్లికి మనసొప్పుతుంది? తర్వాత ప్రభుత్వం మారింది, జీవోను పక్కన పెట్టారు. కానీ అప్పటికే వెళ్లిపోయిన పిల్లలు తిరిగి రావడం అంత తేలిక కాదు.

తల్లుల ఖాతాలో డబ్బు వేస్తున్నాం కదా అని పాలకులు అంటారు. 2020లో అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం. ఆ డబ్బు వద్దని నేను అనను, మన ఇళ్లకు అది ఆసరాయే. అయితే ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులకు వచ్చిన డబ్బు ఎక్కడికి పోతోందో గమనించండి. మన చేతిలో ఒక్క రోజు ఉండి ఫీజు కౌంటర్‌కు చేరుతోంది. దానితో ఊరి బడికి ఒక్క టీచరు కూడా అదనంగా రాడు.

డబ్బు లేదనే మాట కూడా కొత్తది కాదు. 1966లోనే కొఠారీ కమిషన్ జాతీయాదాయంలో 6 శాతం చదువుకు పెట్టాలని చెప్పింది. పేదా ధనికా తేడా లేకుండా ఆ చుట్టుపక్కల పిల్లలందరూ ఒకే బడిలో చదవాలని కూడా చెప్పింది. 1968 విధానంలో 6 శాతం రాశారు. 2020 జాతీయ విద్యా విధానంలో మళ్లీ అదే 6 రాశారు. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారీ అందుకోలేదు.

ప్రభుత్వం నడిపితే మంచి బడి సాధ్యం కాదని అనేవాళ్లు సర్వేల్ గురుకులాన్ని గుర్తుచేసుకోవాలి. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లాలో మొదలైంది. పల్లెటూరి పేద పిల్లలు అక్కడ చదివి పెద్ద పెద్ద ఉద్యోగాలకు వెళ్లారు. సరిపడా టీచర్లు, తిండి, శ్రద్ధ ఉంటే మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. చిక్కేమిటంటే గురుకులంలో సీటు పరీక్ష రాసి నెగ్గిన కొద్దిమందికే. మిగతా పిల్లలందరికీ ఊరి బడే దిక్కు.

2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి ఒక ఆదేశం ఇచ్చింది. ఖజానా నుంచి జీతం తీసుకునే ఉద్యోగులు, ప్రజాప్రతినిధులు, జడ్జీలు తమ పిల్లల్ని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే చదివించేలా చూడమంది. పదేళ్లు గడిచినా అది అమలు కాలేదు. కలెక్టరు బిడ్డ, టీచరు బిడ్డ, మన బిడ్డ ఒకే బెంచీ మీద కూర్చున్న రోజు ఆ బడి కప్పు కురవదు.

ఇక చదువు సంగతి. పదో తరగతి పాసైన పిల్లవాడికి మట్టి పరీక్ష కార్డు చదవడం రాదు. పాసు పుస్తకం, అడంగల్ చూసి తప్పు పట్టుకోవడం రాదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని చెప్పలేడు. మందు డబ్బా మీది రంగు గుర్తుకు అర్థం తెలియదు. 'చదువుకోకపోతే మీ నాన్నలా పొలంలో పడతావు' అని మాత్రం బడిలోనూ ఇంట్లోనూ వింటూ పెరుగుతాడు. 2020 విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని రోజులు పది ఉండాలని, ఊళ్ళోని పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలని ఉంది. ఆ పది రోజుల్లో కొన్ని మన పొలాల్లో జరగాలి, రైతు పాఠం చెప్పాలి. కలుపు తీయించడానికి కాదు సుమా. ఎకరా కొలవడం, ఖర్చు రాయడం, పురుగును గుర్తుపట్టడం నేర్పడానికి. మన పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు కావద్దని నేను అనను. వ్యవసాయం చేసేవాడికీ చదువు అక్కరకు రావాలంటున్నాను.

కాబట్టి సంఘం తరఫున నాలుగు డిమాండ్లు పెడదాం. ఒకటి, ప్రతి ప్రాథమిక బడిలో తరగతికో టీచరు. రెండు, గ్రామసభ ఒప్పుకోకుండా ఏ బడినీ మూయడం గానీ కలపడం గానీ చేయకూడదు. మూడు, ప్రైవేటు బడులు, కాలేజీల ఫీజు మీద నిజమైన అదుపు ఉండాలి. కట్టిన ఫీజుకు రసీదు ఇవ్వాలి. నాలుగు, 6 శాతం మాట బడ్జెట్‌లో కనపడాలి.

మనం చేయాల్సిందీ ఉంది. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికి వచ్చిన నిధుల ఖర్చును చూసే హక్కు, బడికి ఏం కావాలో ప్రణాళిక రాసే హక్కు ఆ కమిటీకి ఉన్నాయి. మనలో ఎంతమంది ఆ సమావేశానికి వెళ్లి కూర్చున్నారు? సంతకం పెట్టమని రిజిస్టరు ఇంటికి వస్తే పెట్టి పంపుతున్నాం. సొసైటీ ఎన్నిక మీద పెట్టే పట్టుదలలో సగం ఈ కమిటీ మీద పెట్టినా చాలు.

వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ శాఖా మూడు వివరాలు రాసి తేవాలి. మీ బడిలో పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, ఊరి నుంచి రోజూ ప్రైవేటు బస్సు ఎక్కే పిల్లలెంతమంది. ఆ కాగితాలు పట్టుకుని ముందు మండల విద్యాశాఖ అధికారి దగ్గరికి, తర్వాత కలెక్టరు దగ్గరికి వెళ్దాం. ధర కోసం రోడ్డెక్కినవాళ్లం, బడి కోసం కూడా ఎక్కుదాం.