రంగస్థలపద్యము – రసికుని మౌనము
(సంఘ వార్షిక మహాసభ రెండవ దినమున చేసిన యుపన్యాసము)



ఉదయమునుండియు పెద్దలు విద్యానిధినిగూర్చియు, విద్యార్థి వసతిగృహమునుగూర్చియు ప్రసంగించియున్నారు. అవి కార్యభాగములు. కార్యదర్శిగారు మాత్రము నన్ను చూచి, "పంతులుగారూ, రాత్రి నాటకమునకు ముందు తమరేదైన రసవంతమైన విషయము సెలవీయవలెను" అని కోరిరి. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో శబ్దమంజరియు రఘువంశమును చెప్పినవాడను. అందు రసమెంత యుండెనో నా శిష్యులే యెఱుగుదురు. ఐనను నాకొక వ్యసనము గలదు. అది పద్యనాటకము వినుట. ఆ వ్యసనము నాకొక్కనికే కాదని నిన్నరాత్రి భోజనశాలయొద్ద తెలిసినది. కృష్ణపాత్రమునందు పీసపాటివారు గొప్పవారా, షణ్ముఖి ఆంజనేయరాజుగారు గొప్పవారా యని అచ్చట పెద్దలు కొందఱు విస్తళ్లముందు కూర్చుండియే వాదించుచుండిరి. పెరుగు వడ్డించువాడు సయితము గరిటె పట్టుకొని నిలిచి యొక పక్షము వహించెను. ఆ వాదమునే నేడు సభకు తెచ్చుచున్నాను.

మన నాటకములలో పాండవోద్యోగవిజయములకు గల ప్రచారము వేఱొకదానికి లేదనిన అతిశయోక్తి కానేరదు. అవి తిరుపతి వేంకట కవుల రచనలు. ఉద్యోగమును విజయమును కలిపి తెల్లవాఱువఱకు ఆడుట వాడుక. కృష్ణపాత్రము నొక్కనటుడే మోయుట కష్టము గనుక, కంట్రాక్టు నాటకములలో ఒకరు పడకసీను, ఒకరు రాయబారము, ఒకరు యుద్ధరంగము పంచుకొనుట గలదు. ఈ కృష్ణులలో పీసపాటి నరసింహమూర్తిగారిది ప్రత్యేకస్థానము. వారు 1920వ సంవత్సరమున ఉత్తరాంధ్రమునందలి వంతరాము గ్రామమున జన్మించి, 2007వ సంవత్సరమున దివంగతులైరి.

మా యింట పక్షపాతము పూర్వమునుండి వేఱుగా నుండెను. మా తండ్రిగారు ఈలపాట రఘురామయ్యగారి యభిమానులు. రఘురామయ్యగారు (1901–1975) వ్రేలు నోటికడ నుంచుకొని యీలతో రాగమాలపించుచుండగా జనులు తమ్ము తాము మఱచెడివారని తండ్రిగారు చెప్పుచు, తామును వ్రేలు నోట నుంచుకొని ప్రయత్నించెడివారు. గాలి వచ్చెడిది గాని యీల వచ్చెడిది కాదు. అట్టి యింట పెరిగితిని గనుక, పద్యమనగా రాగమనియే నా నమ్మకము. పద్యము ముగిసినపిమ్మట తుదియక్షరముపై నటుడు మోహనమో, కల్యాణియో, హిందోళమో యెంతదూరము కొనిపోవునో అంతదూరమును మేము వ్రేళ్లపై లెక్కించెడివారము. ఊపిరి తీయకుండ నిలిచినవాడే మాకు కృష్ణుడు.

ఇచ్చట నా తప్పొకటి ఒప్పుకొనవలయును. 1978వ సంవత్సరమున నాకు పదునెనిమిదేండ్లు. మా యూర తిరునాళ్లకు నాటకము తెప్పించిరి. కృష్ణపాత్రము వేసిన నటుడు అంతకుముందు రాత్రి వేఱొకయూర ఆడి, నిద్ర లేకయే వచ్చినాడు. గొంతు రాచుకొనిపోయియుండెను. ఐనను పడకసీనులో తొలిపద్యము నద్భుతముగా నెత్తినాడు. మేము పదిమంది యువకులము ముందుచాపపై కూర్చుండి "వన్స్ మోర్" అని కేకలు వేసితిమి. ఆయన నమస్కరించి మరల పాడెను. మరల కేకలు వేసితిమి. మరల పాడెను. మూడవమాఱు హార్మోనియము వాయించువాడు మావంక చేయి యాడించి వలదని సైగ చేసినాడు. మేము లెక్కచేయలేదు. రాయబారమువచ్చు నప్పటికి ఆయన కంఠము పూర్తిగా పోయినది. కౌరవసభలో పలుకవలసిన పద్యములు పెదవులపైనే నిలిచిపోయినవి. అప్పుడు ఆ యువకులమే యీలలు వేసి ఆయనను తెరలోనికి పంపితిమి.

తెల్లవాఱి టీదుకాణముకడ ఆయన మిరియాలకషాయము త్రాగుచు కూర్చుండెను. ముఖమున రంగింకను పూర్తిగా పోలేదు. మమ్ము చూచి లేచి చేతులు జోడించి, "బాబూ, రాత్రి మీకు తృప్తి చేయలేకపోయాను. ఏమీ అనుకోకండి" అనినాడు. మేము చంపినదానికి ఆయన క్షమాపణ చెప్పుకొనెను. ఆ మాట నాకు నేటికిని వీపున తగిలిన దెబ్బవలె నున్నది.

అటుపిమ్మట రెండేండ్లకు పొరుగూర పీసపాటివారి రాయబారము వింటిని. నా మిత్రులు రాగము కొఱకు చెవులు సిద్ధపఱచుకొని కూర్చుండిరి. రాగము వచ్చినది గాని మేము కోరినంత రాలేదు. పద్యము వచ్చినది, అర్థము వచ్చినది, రాగము వాని వెనుక సేవకునివలె వచ్చి, పని ముగియగనే తొలగిపోయినది. మొదట మాకు నిరాశ కలిగెనని దాచనేల?

ఇచ్చట ఛందస్సు తెలియనివారికై యొకమాట. ఉత్పలమాలకు పాదమున 20 అక్షరములు, చంపకమాలకు 21, శార్దూలమునకు 19, మత్తేభమునకు 20. మన తెనుగు పద్యమున పదము ఒక పాదమున మొదలై, తరువాతి పాదములోనికి ప్రవహింపవచ్చును. పాదాంతమున ఊపిరి తీసి రాగము తీయు గాయకుడు ఆ పదమును రెండుముక్కలు చేయును. చెవికి తీపిగనే యుండును, బుద్ధికి మాత్రము సగము మాటయే చేరును. పీసపాటివారు పాదమునుబట్టి కాక, భావమునుబట్టి విరిచెడివారు. ధృతరాష్ట్రునితో పలుకునపుడు పెద్దవానియెడ చూపవలసిన వినయము, కర్ణునివంక తిరిగినపుడు చిఱునవ్వు చాటున కత్తి, సుయోధనుని హెచ్చరించునపుడు తుదిసారి చెప్పుచున్నవాని నెమ్మది: ఇవన్నియు కంఠములోనే వినవచ్చెడివి. శాస్త్రజ్ఞులు దీనిని కాకువందురు. స్వరభేదముచే అర్థభేదమును తెలుపుట యని భావము.

ఆ రాత్రి తిరిగివచ్చుచు బండ్లలో మావారు చెప్పుకొనిన మాటలు నాకు జ్ఞాపకమున్నవి. మాతో వచ్చిన గానుగవాడొకడు అక్షరము రానివాడు. నలువది సంవత్సరములుగా నాటకము విడువక చూచినవాడు. వాడనినది: "అబ్బాయీ, ఇన్నాళ్ళూ కిష్ణుడి పాట విన్నాం. ఈయాల కిష్ణుడి మాట విన్నాం." నేను భాషాప్రవీణ పరీక్షకు చదువుచుండిన దినములవి. అంత చిన్నవాక్యములో అంత పెద్దవిమర్శ నా పుస్తకములలో కనబడలేదు.

వెనుకబండిలో మాకు వరుసకు అత్తగారగు నొక వృద్ధురాలుండెను. ఆమె యిద్దఱు కుమారులు గట్టుతగవున మాటలాడుకొనుట మానిన కాలమది. ఆమె చాలసేపు పలుకలేదు. పిమ్మట "ఐదూళ్ళంటే ఐదూళ్ళే గదరా అడిగాడు! ఆ గుడ్డాయన ఇచ్చేస్తే పోయేదిగా. మనవాళ్ళది ఐదు సెంట్లు కూడా లేదు" అనినది. బండిలో నెవ్వరును నవ్వలేదు. ఆ తగవు మఱునాడే తీరెనని చెప్పిన కథగా బాగుండును గాని, అట్లు జరుగలేదు. మూడేండ్లు పట్టినది. ఐనను ఆ మాట ఆ యింట పలుమాఱులు వినబడినదని నేనెఱుగుదును.

మహాశయులారా! భరతముని నాట్యశాస్త్రమున సిద్ధివ్యంజకమను నధ్యాయమొకటి గలదు. ప్రదర్శనము ఫలించినదని తెలుపు గుర్తులందు చెప్పబడినవి. సిద్ధి రెండు విధములు, మానుషియు దైవియు. ప్రేక్షకులు చిఱునవ్వుట, పెద్దగా నవ్వుట, 'సాధు' యనుట, 'అహో' యనుట, 'కష్టము' అని నిట్టూర్చుట, గగుర్పాటు పొందుట, ఆసనమునుండి లేచుట, వస్త్రములును ఉంగరములును విసరుట – ఇవన్నియు మానుషి. మన వన్స్ మోరులును, నటుని యెదకు గ్రుచ్చిన పదిరూపాయల నోట్లును ఈ కోవలోనివే. దైవి యెట్టిది? రంగము జనముతో నిండియుండును. ఐనను శబ్దము లేదు, క్షోభము లేదు, ఉత్పాతము లేదు. అంతే. ఈ యధ్యాయమును విద్యార్థిగా చదివినపుడు పరీక్షకొఱకు వల్లించితిని. దాని యర్థము మాత్రము ఆ రాత్రి రాయబారములో బోధపడినది. వేలమంది కూర్చుండిరి. పద్యము ముగిసినది. ఎవ్వరును అఱవలేదు. పసిపిల్ల యొకతె యేడ్చి మానినది. ఆ మౌనము ఆ మహానటునికి వచ్చిన బహుమానములలో మిన్నయని నా నమ్మకము.

ఇంతమాత్రమున రాగమును నిందించుచున్నానని యెంచవలదు. తెనుగునాటకమునకు పాటయు పద్యమును పెట్టి జనులను రంగమునకు రప్పించినవారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) అగ్రగణ్యులు. అదే బళ్లారినుండి వచ్చిన రాఘవాచార్యులవారు (1880–1946) పద్యములను సాగదీయుటను ఖండించి, సహజాభినయమును బోధించిరి. మైకు లేని దినములలో, వేలకొలది జనుల తుదివరుసకు వినబడవలెనన్న గాయకుడు పైశ్రుతిలో ఎత్తి, నిలిపి పాడకతప్పెడిది కాదు. షణ్ముఖివారి కంఠమాధుర్యమును కాదనువాడు చెవిలేనివాడు. మా తండ్రిగారి రఘురామయ్యగారును నాకు పూజ్యులే. నా వాదమొక్కటే: రాగము పద్యమునకు పల్లకి కావలెను గాని, పల్లకిలో కూర్చుండరాదు. గాయకుని ఆ దారికి త్రిప్పునదియు, తప్పించునదియు మన చప్పట్లే. మనము దేనికి కొట్టుదుమో దానినే ఆతడు మఱునాడు మఱికొంత చేయును. కావున అభిమానికి బాధ్యత గలదు.

మఱొకమాట ఈ సభలోనే చెప్పదగినది. సత్యహరిశ్చంద్రీయము బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారిది. ఐనను కాటిసీనులో జనులు కన్నీరు విడుచు పద్యములలో కొన్ని గుఱ్ఱము జాషువాగారి శ్మశానవాటి ఖండికలోనివి. నటులే వానిని తెచ్చి చేర్చుకొనిరి. జాషువాగారు (1895–1971) పుట్టుకచే ఎట్టి అవమానముల ననుభవించిరో చదివినవారెఱుగుదురు. ఐనను ఆ పద్యములను వన్స్ మోర్ అని అడిగిన జనులలో ఏ కులమువారు లేరు? అడిగినపుడు కవి కులమెవ్వరు విచారించిరి? గానుగవాడును, బ్రాహ్మణుడును, నేతగాడును, కమతగాడును ఒక్కచాపపై కూర్చుండి యొక్కచోటనే కన్ను తుడుచుకొనిరి. మన సంఘము మన పిల్లల చదువునకై యేర్పడినది, మంచిదే. కాని పిల్లలకు నేర్పవలసిన చదువులలో ఆ చాపయు నొకటియని నా విన్నపము.

నేడు ఆ మహానటుల కంఠములు అరచేతిలోని ఫోనులో వినవచ్చుచున్నవి. గ్రామఫోను రికార్డు కొఱకు సంపన్నులయింటి అరుగుకడ నిలుచుండిన తరమువారము మాకిది వరమే. వినుడు. పిల్లలచే వినిపింపుడు. విని, ఒక్కపద్యమునకైనను ప్రతిపదార్థము చెప్పించుడు. ముప్పదియేండ్లు బెత్తము పట్టి నేను చెప్పలేని సంధులు రాయబారము విన్న బాలునికి తమంతట తామే తెలియుట చూచియున్నాను. పోషకులకు మనవి: వివాహములలో ఒక్కపూట వంటకమున కగు వ్యయములో కొంత తీసి, గ్రామమున హార్మోనియముతో పద్యము నేర్పు గురువునకు జీతమిచ్చినచో, ఈ విద్య మఱియొక తరము నిలుచును. వృద్ధులైన నటులను సభకు పిలిచి శాలువ కప్పుటయే కాక, వారి మందులకును కొంత చూడుడు. శాలువ గొంతునొప్పి మాన్పదు.

తెరవెనుక హార్మోనియము శ్రుతి సవరించుచున్నారు. నేను ముగింపవలసిన సమయమైనది. ఈ రాత్రి రాయబారమున కృష్ణపాత్రము వేయుచున్న యువకుడు తొలిసారి యింత పెద్దసభ నెదుర్కొనుచున్నాడు. వానికి గొంతు గలదు, భయమును గలదు. బాగుగా పాడిన మెచ్చుకొనుడు. మఱీ బాగుగా పాడిన, దయచేసి యూరకుండుడు. ఆ పిల్లవాడు తెల్లవాఱు నప్పటికి మాటతో ఇల్లు చేరవలెను. నలువదియేండ్ల క్రిందట టీదుకాణముకడ చేతులు జోడించిన ఆ పెద్దమనిషికి నేను తీర్చుకొనవలసిన ఋణమింకను మిగిలియున్నది. అందులో నొకభాగమును నేడు మీరు నాపక్షమున తీర్చెదరని ప్రార్థించుచు, సెలవు తీసికొనుచున్నాను.

సర్వేజనాః సుఖినో భవంతు.