పాత కారులో దారి తప్పిన విద్యుత్తు

మా పొరుగింట ఒక పాత అంబాసిడర్ కారున్నది. ఉత్తరపరా కర్మాగారములో ఆ బండ్ల తయారీ 2014లో ఆగిపోయినది. ఇది మాత్రము నేటికిని తిరుగుచున్నది. మొన్న తాళము త్రిప్పగా స్టార్టర్ మూలిగి ఊరకుండెను. యజమాని వెంటనే కొత్త బ్యాటరీ తెచ్చెను. మూలుగు పోలేదు సరికదా, చోక్ తీగ చేయి తాకలేనంతగా వేడెక్కెను!

చోక్ తీగకు విద్యుత్తుతో పనియే లేదే, మరి ఏల కాలవలెను?

కారులో విద్యుత్తు తీగపై వెళ్లి, బండి ఇనుప శరీరము ద్వారా బ్యాటరీకి తిరిగి వచ్చును. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును గనుక, దానిని శరీరముతో కలుపుటకు అల్లిన రాగిపట్టీ యొకటి ఉండును. మెకానిక్కులు దానిని ఎర్తు పట్టీ అందురు. అది తెగినచో స్టార్టర్ లాగు నూరు ఆంపియర్లకు మించిన ప్రవాహము సన్నని చోక్ తీగను పట్టుకొని పోవును. ఆ తీగ చేరునది పెట్రోలుండు కార్బురేటరును!

శ్రోతలు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. గేరును న్యూట్రలులో ఉంచి, వోల్టుమీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్తు ధ్రువమునకు, రెండవ దానిని ఇంజనుపై శుభ్రమైన లోహమునకు ఆనించి స్టార్టర్ త్రిప్పింపుడు. ముల్లు అర వోల్టు దాటినచో దోషమా దారిలోనే ఉన్నది.

ఇక్కడ నాలుగు వోల్టులు చూపెను. పట్టీ మార్చి, బోల్టు క్రింది తుప్పు గీకినంతనే ఇంజను కదిలెను. పాత బ్యాటరీ అప్పటికే మార్పిడి క్రింద పోయినది.