తల అడ్డంగా ఊపే హక్కు

(సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఆటలు, క్రమశిక్షణ గురించి మాట్లాడమన్నారు. క్రమశిక్షణ గురించి ఈ హాల్లో ఉన్నవారికి నేను కొత్తగా చెప్పేదేముంది? అందుకని నా క్రమశిక్షణ వల్ల ఒక ఆడపిల్ల ఆట మానేసిన సంగతి చెబుతాను.

నేను ఆర్టిలరీలో పనిచేశాను. పిల్లల చదువుల కోసం రిటైరయ్యాక దేవలాలీలోనే ఉండిపోయాను. మా ఇంటి దగ్గర ఒక స్కూల్లో ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ జట్టు ఉంది. వాళ్లకు కోచ్ లేడు. నేను సర్వీసులో ఆడింది బాస్కెట్‌బాల్. సాఫ్ట్‌బాల్ రూల్స్ పుస్తకం తెచ్చుకుని చదివి, ఒక కోచింగ్ క్యాంపుకు వెళ్లొచ్చి మొదలుపెట్టాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. పేరులో సాఫ్ట్ ఉంది గానీ బంతి మెత్తగా ఏమీ ఉండదు. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువులో క్రికెట్ బంతి కంటే ఎక్కువే. పిచ్చర్ దాన్ని చేతిని గుండ్రంగా తిప్పి, కింది నుంచి విసురుతుంది. పిచ్చర్ అంటే మన తెలుగు చెవికి ఇంకోలా వినిపిస్తుంది, పిల్లలు నవ్వకండి. పెద్ద ఆడవాళ్ల ఆటలో పిచ్చర్‌కు, బ్యాటర్ నిలబడే ప్లేటుకు మధ్య దూరం 43 అడుగులు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వేస్తే సుమారు అర సెకనులో బంతి వచ్చేస్తుంది. ఏ బంతి వేయాలో ప్లేటు వెనక కూర్చున్న క్యాచర్ వేళ్లతో సైగ చేస్తుంది. మాకు ఒక వేలంటే ఫాస్ట్, రెండంటే డ్రాప్, పిడికిలి అంటే చేంజప్. డ్రాప్ అంటే దగ్గరకొచ్చాక కిందికి దిగేది, చేంజప్ అంటే అదే ఊపుతో నెమ్మదిగా వచ్చేది.

నేను ఆ సైగ కూడా క్యాచర్‌కు వదల్లేదు. ప్రతి బంతికీ బయట బెంచీ దగ్గర నుంచి నేనే ఆర్డరు ఇచ్చేవాణ్ణి. టోపీ ముట్టుకుంటే ఇది, మోచెయ్యి ముట్టుకుంటే అది. క్యాచర్ నన్ను చూసి అదే సైగ పిచ్చర్‌కు అందించాలి. పిచ్చర్ తల అడ్డంగా ఊపితే "నాకు ఆ బంతి వద్దు, ఇంకోటి చెప్పు" అని అర్థం. ఆ తల ఊపడం మా జట్టులో నిషేధం. ఫైర్ ఆర్డర్ వచ్చాక గన్ దగ్గర వాదన ఉంటుందా? అలా పెరిగినవాణ్ణి మరి.

మా పిచ్చర్ ఒక ఉల్లి రైతు కూతురు, మరాఠీ పిల్ల. క్యాచర్ మన శ్రీకాకుళం హవల్దారు గారి అమ్మాయి. ఇద్దరూ హిందీలో మాట్లాడుకునేవారు. పేర్లు చెప్పను, వాళ్లకిష్టముండదు.

స్కూళ్ల మధ్య మ్యాచ్. ఏడో ఇన్నింగ్స్, అదే ఆఖరుది. మేము ఒక పరుగు ముందున్నాం. ఇద్దరు అవుట్, రెండో బేస్‌లో ఒకరు, మూడో బేస్‌లో ఒకరు. బ్యాటర్‌కు మూడు బాల్స్, రెండు స్ట్రైక్స్. ఇంకొక్క బంతి. నేను చేంజప్ చెప్పాను. క్యాచర్ నా వంక రెండోసారి చూసింది. నేను అదే సైగ గట్టిగా చేశాను. పిచ్చర్ వేసింది. బ్యాటర్ హాయిగా కొట్టింది, ఇద్దరూ ఇంటికొచ్చేశారు. ఓడిపోయాం.

అందరి ముందూ పిచ్చర్‌ను కేకలేశాను. బంతి పైకి వేశావన్నాను, భయపడ్డావన్నాను. ఆ పిల్ల ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు.

మూడు వారాలు చూశాను. ఒకరోజు క్యాచరే నా దగ్గరకొచ్చి, "సర్, ఆ బ్యాటర్ ఫాస్ట్ బాల్‌కు లేటుగా తిప్పుతోంది. రెండు ఫౌల్సూ ఫస్ట్ బేస్ వైపే పోయాయి. నెమ్మది బాల్ వేస్తే దొరికిపోతుందని ఇద్దరికీ తెలుసు. మీరు చెప్పారని వేసింది" అంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కుడిచేతి బ్యాటర్ ఫస్ట్ బేస్ వైపు ఫౌల్ కొడుతోందంటే బ్యాట్ ఆలస్యమవుతోందని అర్థం. అలాంటిదానికి చేంజప్ వేయడమంటే మనమే టైము ఇచ్చినట్టు. పుస్తకంలో చదివిందే. కానీ నేను బెంచీ నుంచి పక్కవాటుగా చూస్తున్నాను. బ్యాటర్ పాదాలు ఎక్కడున్నాయో, బంతి లోపలికొస్తోందో బయటికి పోతోందో నాకు సరిగ్గా కనపడదు. ఆర్టిలరీలో టార్గెట్‌ను చూసేది ఓ.పి. యాడ్, డ్రాప్, లెఫ్ట్, రైట్ అని దిద్దుబాట్లు చెప్పేది కనపడేవాడు. ఈ ఆటలో ఓ.పి. క్యాచర్. నేను టార్గెట్ కనపడని చోట కూర్చుని, కళ్లున్న పిల్ల నోరు మూయించాను.

ఆదివారం ఆ పిల్ల ఊరు వెళ్లాను. వాకిట్లో ఉల్లిగడ్డలు ఏరుతోంది. వాళ్ల నాన్న ముందే, తప్పు బంతిది కాదు, ఆర్డరుది, నాది అని చెప్పాను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో కిందివాళ్లకు అలా చెప్పిన గుర్తు లేదు. ఆ పిల్ల తలెత్తకుండా, "మళ్లీ వస్తే తల ఊపొచ్చా సర్?" అంది. ఊపమన్నాను.

తర్వాత పద్ధతి మార్చాను. సైగ క్యాచర్‌ది, చివరి మాట పిచ్చర్‌ది. నేను మ్యాచ్‌కు ముందు బ్యాటర్ల గురించి తెలిసింది చెబుతాను, ఇన్నింగ్స్ మధ్యలో అడిగితే చెబుతాను. ప్రాక్టీసులో ఊరికే వంద బంతులు వేయించడం తగ్గించి, "మూడు బాల్స్, ఒక స్ట్రైక్, మూడో బేస్‌లో మనిషి, ఏం వేస్తావ్, ఎందుకు?" అని అడగడం మొదలుపెట్టాను. ముందు జవాబు, తర్వాత బంతి. జవాబు తప్పయినా వేయనిస్తాను. ఎలాంటి రోజైనా స్ట్రైక్ పడే బంతి ఒకటి చేతిలో ఉండేదాకా కొత్తది నేర్పను. మా పిల్లకది డ్రాప్. "భయపడకు" అనడం మానేశాను. ఆ మాట వింటే లేని భయం కూడా వస్తుంది. "గ్లోవ్ చూడు" అంటే చాలు.

జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రెండు రోజుల్లో 413 బంతులు వేసి స్వర్ణం తెచ్చిందని కోచ్‌లందరూ చెబుతారు. గొప్ప సంగతే, కానీ పిల్లల భుజాలకు మంచి పాఠం కాదు. నేను టోక్యో ఫైనల్ చెబుతాను. 2021లో, ఆమెకు 39 ఏళ్లు. మధ్యలో ఆమెను దించి ఇరవై ఏళ్ల పిల్లను వేయించారు, ఏడో ఇన్నింగ్స్‌కు మళ్లీ ఆమెనే పిలిచారు. అమెరికా మీద 2-0తో గెలిచారు. దింపితే అవమానం అనుకునే మా పిల్లలకు అది చెప్పాల్సిన కథ.

మరుసటి ఏడాది అలాంటి ఘడియే మళ్లీ వచ్చింది. నేను చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను, లేకపోతే టోపీ మీదకు పోతాయి. క్యాచర్ సైగ చేసింది. పిచ్చర్ తల అడ్డంగా ఊపింది. మళ్లీ సైగ, మళ్లీ ఊపింది. నా గుండె ఆగినంత పనైంది. చివరికి వేసిన బంతి బయటికి పోయింది, నాలుగో బాల్. బ్యాటర్ నడుచుకుంటూ బేస్‌కెళ్లింది, బేస్‌లన్నీ నిండాయి. పిచ్చర్ నా వంక చూడలేదు. క్యాచర్‌నే చూసి, చేతికి మట్టి రుద్దుకుని, తర్వాతి బ్యాటర్‌కు డ్రాప్ వేసింది. అది పిచ్చర్ దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది, ఫస్ట్ బేస్‌కు విసిరింది, అయిపోయింది.

రెండుసార్లు ఏ బంతి వద్దన్నావని తర్వాత అడిగాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఇప్పటికీ చెప్పలేదు.

సాయంత్రం పూట గ్రౌండు ఖాళీగానే ఉంటుంది. మీ అమ్మాయిలను పంపండి. క్యాచర్ ఛాతీ గార్డు పాతదైపోయింది, పట్టీలు తాళ్లతో కట్టుకుంటున్నాం, ఎవరైనా ఇప్పిస్తే సంతోషం. జై హింద్.