పాత వీడియోలోని ప్రహరీ గోడ



మా ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల నడుమనే గడిచింది. కంప్యూటరు మా చేతికి వచ్చింది పదవీ విరమణకు కొద్దికాలం ముందే. కనుక మేము చెప్పబోయేది నిపుణుల మాట కాదు, ఒక రుజువు కోసం కాళ్లరిగేలా తిరిగినవారి మాట.

మన ఖబరస్తాన్ ఉత్తరపు గోడ వివాదం మీరెరిగినదే. గోడ నిన్నమొన్న కట్టినదని పొరుగు స్థలంవారి వాదన. మాకు కాగితం దొరకలేదు. దొరికినది 1999లో ఒక పెద్దాయన జనాజా నాడు తీసిన వీడియో. గోడ, దాని వెంట వేపచెట్టు అందులో స్పష్టంగా ఉన్నాయి. మన కుర్రవాడొకడు ఫోనులో దానిని నిలిపి, స్క్రీన్‌షాట్ తీసి, వాట్సాప్‌లో తెప్పించి, అచ్చు తీయించి అర్జీకి జతపరిచాడు. గోడ మీద ప్లే గుర్తు, కింద ఎర్రగీత! "ఇది ఎప్పటిది? ఎక్కడిది?" అని అధికారి అడిగితే మేము నోరు మెదపలేకపోయాము. ఆయనను తప్పుపట్టలేము. ఆ కుర్చీ పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నవారము, మేమైనా అదే అడిగేవారము.

వీడియో అనగా సెకనుకు 25 లేదా 30 నిశ్చల చిత్రాల వరుస. అందులోని ఒక చిత్రాన్ని దాని అసలు కొలతలోనే తీసుకోవడానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు. కంప్యూటరులో ఫైలును క్రోమ్ లేదా ఎడ్జ్ కిటికీలోనికి లాగి వదిలితే ఆడుతుంది. కావలసిన చోట నిలిపి, మౌసు కుడి మీట నొక్కితే 'సేవ్ వీడియో ఫ్రేమ్ యాజ్' అని వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో దాని పేరు 'టేక్ స్నాప్‌షాట్'. డీవీడీ నుండి నేరుగా తీసిన వీఓబీ ఫైళ్లు బ్రౌజరులో ఆడవు. వాటిని ముందుగా ఎంపీ4గా మార్పించుకోవాలి.

కెమెరా తిరుగుతున్నప్పటి చిత్రం అలుక్కుపోయి వస్తుంది. అది నిలకడగా ఉన్న క్షణం కోసం ఓపికగా వెతకండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియోలో వివరాలు చెరిగిపోతాయి, డాక్యుమెంటుగా పంపించుకోండి.

మా వీడియోలో తేదీ మొదటి కొన్ని సెకన్లలోనే కనబడి మాయమవుతుంది; గోడ 14వ నిమిషంలో వస్తుంది. కావున రెండు చిత్రాలూ తీసి, ఏ ఫైలు, ఎన్నో నిమిషం, ఎన్నో సెకను అన్నది రిజిస్టరులో రాశాము. కెమెరా గడియారాన్ని నమ్మేదెవరు అంటారేమో! ఆ పెద్దాయన మరణ ధ్రువీకరణ పత్రం పక్కన పెట్టాము.

ఇంకొక మాట, దీనిని మా ఆడపడుచులు మరీ శ్రద్ధగా వినాలి. వీడియో ఎక్కించండి, ఫోటోలు ఇస్తామనే వెబ్‌సైట్లు అనేకం. ఇంటి షాదీ వీడియోలో మన స్త్రీలు, పిల్లలు ఉంటారు. అది ఎవరి యంత్రంలో చేరుతుందో మనకు తెలియదు. బ్రౌజరులో పైన చెప్పిన విధంగా చేస్తే ఫైలు మన కంప్యూటరు దాటదు. అనుమానముంటే ఇంటర్నెట్ ఆపి చేసి చూడండి, పని జరుగుతుంది.

అయితే ఈ చిత్రమే సాక్ష్యమని భ్రమపడవద్దు. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం కోర్టులో ఎలక్ట్రానిక్ ప్రతికి ధ్రువపత్రం జతపరచాలి. అందులో ఒక భాగం మనది, రెండవది నిపుణునిది. ఫైలు హాష్ విలువ కూడా అందులో రాయాలి. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది. అందుచేత అసలు వీడియోను కత్తిరించవద్దు, మెరుగులు దిద్దవద్దు. చిత్రం చూపడానికి, మూలం దాచడానికి.

క్యాసెట్లు ఇంకా అటకల మీద ఉన్నవారు వాటిని తుడిచి, డబ్బా మీద పేరు, సంవత్సరం రాసి వచ్చే ఆదివారం జుహర్ తరువాత మా గ్రంథాలయ గదికి తీసుకురండి. ముందుగా ఆ మూడు వాకిళ్ల వీధి వారివి చూస్తాము. తరువాతి నోటీసు వచ్చినది వారికే.