శాతం వెనుక పిల్ల

పదో తరగతి ఫలితాలు రాగానే మన సిరిసిల్లలో మొదటి ప్రశ్న, 'ఆ బడి ఎంత శాతం?' అయితే ఆ శాతాన్ని చూసే పద్ధతి ఒకటుంది.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాన్నే తీసుకోండి. బడి మానేసిన, బడికి దూరమైన ఆడపిల్లల కోసం కేంద్రం 2004లో తెచ్చిన పథకమిది. సీట్లలో 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకు, మిగతా 25 శాతం నిరుపేద కుటుంబాల పిల్లలకు. ప్రవేశ పరీక్షతో ఏరుకునే బడితో దీన్ని పోల్చడం న్యాయం కాదు.

పైగా బడి చిన్నదైతే లెక్క తొందరగా తారుమారవుతుంది. ఇరవై మంది ఉన్న తరగతిలో ఒక్కరు తప్పితే ఫలితం 95కు పడిపోతుంది. ఆ ఒక్క పిల్ల ఇంట్లో నాన్న సాంచెల (మరమగ్గాల) మీద రాత్రి పాళీకి పోతాడు, అమ్మ బీడీలు చుడుతుంది, చెల్లెల్ని చూసుకునేది తనే అనుకోండి. ఆ అమ్మాయి ఇంకో సబ్జెక్టులో తప్పినా, లెక్కల్లో వచ్చిన 35 మార్కులు చిన్నవేం కావు.

అందుకే బడిని ఎంచుకునేటప్పుడు మూడు అడగండి: ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎంతమంది పరీక్ష రాశారు? ఆ తర్వాతే శాతం అడగండి.