బొలోన్యాలో సదస్సు

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో మొదలైందని చెబుతారు. యూరప్‌లోకెల్లా పాతదని దానికి పేరు. అలాంటి చోట సదస్సు పెడితే అతిథుల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఊరి బయట హోటల్లోనా? వద్దండీ. ఊరి నడుమే కూర్చోబెట్టాలి.

ఆ వీధుల పొడవునా స్తంభాల వసారాలే. కిలోమీటర్ల కొద్దీ సాగుతాయి. వాన పడ్డా, ఎండ కాసినా ఒక సభ నుంచి ఇంకో సభకు హాయిగా నడిచిపోవచ్చు. అసలైన చర్చలు ఆ నడకలోనే జరుగుతాయి.

ఆర్కిజిన్నాజియో మాత్రం తప్పక చూపించాలి. ఒకప్పటి విశ్వవిద్యాలయ భవనం, ఇప్పుడు గ్రంథాలయం. గోడల నిండా పూర్వ విద్యార్థుల వంశచిహ్నాలు. లోపల, శరీర నిర్మాణ పాఠాలకోసం చెక్కతో కట్టిన గది. మధ్యలో పాలరాతి బల్ల, చుట్టూ మెట్లుమెట్లుగా బల్లలు. 1944లో బాంబు పడి గది కూలిపోయింది. శిథిలాల్లోంచి చెక్కలు ఏరి, మళ్లీ నిలబెట్టారు. ఎంత ప్రేమ ఉంటే ఆ పని చేస్తారు!

అందుకే నిర్వాహకులకు నా మనవి: ఒక పూట ప్రసంగాలు లేకుండా వదలండి. అవును, ఒక పూట మొత్తం. ఊరిని చూడనివ్వండి. పాత భవనాల్లో మెట్లెక్కువ కాబట్టి, నడవలేనివారికి దారి ముందే చూసిపెట్టండి.