సొలిసిటరు శిక్షణకు దరఖాస్తు

మన తెలుగువారికి బారిస్టరు అను మాట పరిచితమైనంతగా సొలిసిటరు అను మాట పరిచితము కాదు. రాజమహేంద్రవరములో ప్లీడరుగా నుండిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1904లో ఇంగ్లండు వెళ్ళి, బారిస్టరై తిరిగివచ్చి, మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టిన సంగతి మన పెద్దలు ఎరిగినదే. బారిస్టరు ముఖ్యముగా న్యాయస్థానమున నిలిచి వాదించువాడు. సొలిసిటరు కక్షిదారును ఎదుట కూర్చుండబెట్టుకొని, విషయమంతయు విని, సలహా చెప్పి, ఒప్పందములు వ్రాసి, దస్తావేజులు సిద్ధపరచి, వ్యాజ్యము తప్పనిసరి యైనచో దానిని నడిపించువాడు. మన దేశములో 1961 నాటి అడ్వొకేట్ల చట్టము న్యాయవాదుల నందరిని ఒకే వర్గముగా చేయుటకు దారితీసినది. ఇంగ్లండు, వేల్సులలో మాత్రము ఈ రెండు శాఖలు నేటికిని వేరువేరుగనే యున్నవి.

మన యిండ్లనుండి ఆ దేశమునకు చదువుకొనబోయి, సొలిసిటరు కావలెనని కోరుకొను పిల్లలకు తొలుత ఎదురగునది న్యాయస్థానము కాదు, న్యాయాధిపతియు కాడు. ఒక దరఖాస్తు ఫారము. దానిలో నాలుగైదు ప్రశ్నలుండును. ఒక్కొక్కదానికి రెండు మూడు వందల మాటలలో జవాబు వ్రాయవలెను. ఆ ప్రశ్నలు ఏమి అడుగుచున్నవో, వానికెట్లు జవాబు చెప్పవలెనో మేము నేడు ముచ్చటింపదలచితిమి.

ముందు ఈ ఫారము ఎందుకు వచ్చినదో తెలిసికొనవలెను. 18వ శతాబ్దపు తొలి భాగమున ఇంగ్లండులో చేయబడిన చట్టము ప్రకారము, ఈ వృత్తిలో ప్రవేశింపగోరు యువకుడు ఒక సొలిసిటరు వద్ద అయిదేండ్లు గుమాస్తాగా ఒప్పందము వ్రాసికొని పనిచేయవలసి యుండెను. పని నేర్పునందుకు గురువునకు శిష్యుడే పైకము చెల్లించుట చిరకాలము ఆచారమైనది. కనుక తండ్రికి ధనము, తెలిసిన సొలిసిటరు ఒకడు ఉన్నచో ద్వారము తెరచుకొనెడిది. స్త్రీకైతే ఆ రెండును ఉన్నను తెరచుకొనలేదు. 1913లో గ్వినెత్ బెబ్ అను విద్యావతి సొలిసిటరగుటకు తనకు హక్కున్నదని వ్యాజ్యము వేయగా, న్యాయస్థానము ఒప్పుకొనలేదు. 1919లో చట్టము మారిన పిమ్మట, 1922లో క్యారీ మారిసన్ ప్రప్రథమ మహిళా సొలిసిటరు అయ్యెను.

నేడు వ్యవహారము తలక్రిందులైనది. శిక్షణ ఒప్పందము రెండేండ్లు. సాధారణముగా ఆరేసి నెలల చొప్పున నాలుగు శాఖలలో పని నేర్పుదురు. శిష్యుడు పైకము చెల్లింపనక్కరలేదు, సంస్థయే జీతమిచ్చును. పెద్ద సంస్థలు పరీక్షల ఖర్చు కూడ భరించును. పలు పెద్ద సంస్థలు శిక్షణ ప్రారంభమునకు రెండేండ్ల ముందే అభ్యర్థులను ఎన్నుకొనును. అందుచేత స్థానములు కొద్ది, కోరువారు అనేకులు. నాడు పైకము చేసిన వడపోతను నేడు ఈ ప్రశ్నలు చేయుచున్నవి. ఇది సామాన్యుల బిడ్డలకు మేలైన మార్పే. కాని ప్రశ్న భావము తెలియనివారికి ఈ తలుపు కూడ మూసియే యుండును.

మొదటి ప్రశ్న తరచుగా ఇట్లుండును: మీరు సొలిసిటరు కాగోరుటకు కారణమేమి? అనేకులు, బాల్యమునుండియు తమకు న్యాయమన్న మక్కువ యని వ్రాయుదురు. అది అబద్ధము కాకపోవచ్చును. కాని దానివలన చదువువారికి తెలియునది ఏమియు లేదు. న్యాయమన్న మక్కువ గలవాడు పోలీసు కావచ్చును, పత్రికా రచయిత కావచ్చును. సొలిసిటరే ఎందుకు కావలెను? దినమంతయు కాగితములు చదువుట, ఒక వాక్యములోని రెండర్థములను పసిగట్టుట, తొందరలో నున్న కక్షిదారునకు నెమ్మదిగా విషయము బోధించుట — ఈ వృత్తి నిత్యజీవితము ఇట్టిది. దీనిలో ఏదో యొకటి తాను చేసి చూచితినని, అది తనకు నచ్చినదని చెప్పగలిగిన జవాబే జవాబు. విశ్వవిద్యాలయములోని ఉచిత న్యాయ సలహా కేంద్రమున ఒక అద్దెయింటివానికి యజమాని పంపిన నోటీసును చదివి వివరించిన విద్యార్థికి, బాల్యపు ముచ్చటలతో పనిలేదు.

రెండవ ప్రశ్న: మా సంస్థనే ఏల కోరితిరి? దీనికి వ్రాసిన జవాబును పరీక్షించుటకు సులభమైన ఉపాయము కలదు. జవాబులో సంస్థ పేరు తీసివేసి మరియొక సంస్థ పేరు పెట్టి చదువుడు. అప్పటికిని జవాబు చక్కగా అతికినచో అది చెల్లని జవాబు. అంతర్జాతీయ ఖ్యాతి, ఉత్తమ శిక్షణ, స్నేహపూర్వక వాతావరణము అను మాటలు ఏ గుమ్మమునకైనను కట్టదగిన తోరణములు. ఆ సంస్థ ఏ కక్షిదారులకు పనిచేయుచున్నది, ఏ శాఖలో పేరు గడించినది, ఏ వ్యాజ్యములలో నిలిచినది, శిక్షణలో నున్నవారిని ఎందరిని తీసికొనుచున్నది — ఇవి వెదకి తెలిసికొనవలెను. తీర్పులు బహిరంగ పత్రములు. అందు సొలిసిటర్ల సంస్థల పేర్లు సాధారణముగా నుండును. పదిమందిని మాత్రమే తీసికొను సంస్థలో తొలి దినములనుండియే కక్షిదారుతో మాటాడు అవకాశము కలుగవచ్చును; నూరుగురిని తీసికొను సంస్థలో విదేశ శాఖలలో పనిచేయు వీలుండవచ్చును. ఏది తనకు తగినదో, ఎందుకు తగినదో తేల్చి చెప్పవలెను.

మూడవ ప్రశ్న మన పిల్లలను ఎక్కువగా తికమకపెట్టును. నలుగురితో కలిసి పనిచేసిన సందర్భము నొకదానిని, లేదా కష్టమును దాటిన సందర్భమును వివరింపుడని అడుగుదురు. మన పెంపకములో నేను అను మాట పలుకుటకు సంకోచము నేర్పితిమి. ఎవడైన తాను చేసినదానిని తానే చెప్పుకొన్నచో డబ్బా కొట్టుకొనుచున్నాడందుము. అందుచే మన విద్యార్థి, మేము సభ జరిపితిమి, మేము చందాలు వసూలు చేసితిమి అని వ్రాసి ఊరకుండును. చదువువానికి ఆ విద్యార్థి ఏమి చేసెనో తెలియనే తెలియదు. చిక్కు ఏమి వచ్చినది, తన బాధ్యత ఏది, తాను తీసికొన్న చర్య ఏది, ఫలితమేమి — ఈ వరుసలో చెప్పుట గొప్పలు చెప్పుకొనుట కాదు, సాక్ష్యము చెప్పుట. బోనులో నిలిచిన సాక్షి తాను చూచినదే చెప్పవలెను గదా!

ఇచ్చట ఒక మాట గట్టిగా చెప్పదలచితిమి. సాయంకాలములందు కిరాణా దుకాణములో పనిచేసిన పిల్లవాడు దానిని దాచుకొని, రెండు దినములు మాత్రమే హాజరైన చర్చాసంఘమును గూర్చి వ్రాయును. ఇది పొరపాటు. సరకు చెడినదని కోపముతో వచ్చిన ఖాతాదారును సముదాయించుట, రాత్రి నగదు లెక్క రెండు పౌనులు తక్కువైనచో తప్పెక్కడనో కనిపెట్టుట, తల్లిదండ్రులకు వచ్చిన ప్రభుత్వపు లేఖలను చిన్ననాటినుండి చదివి వినిపించి జవాబులు వ్రాయుట — ఇవన్నియు సొలిసిటరు పనికి దగ్గరి పనులు. సంపన్నుల బిడ్డలకు లభింపని అనుభవములు. అభ్యర్థి చదివిన పాఠశాల స్థితిగతులను కూడ లెక్కలోనికి తీసికొని మార్కులు తూచు సంస్థలు నేడు కలవు. కనుక కష్టపడి చదివినట్లు చెప్పుకొనుటకు సిగ్గుపడ నక్కరలేదు.

నాలుగవది వ్యాపార ప్రపంచమునకు సంబంధించిన ప్రశ్న. ఇటీవలి సంఘటన నొకదానిని తీసికొని, దానివలన మా కక్షిదారులకు కలుగు ఫలితములను చెప్పుడని అడుగుదురు. పత్రికలోని వార్తను తిరిగి వ్రాయుట దీనికి జవాబు కాదు. ఉదాహరణకు 2021 మార్చి 23వ తేదీన ఎవర్ గివెన్ అను మహానౌక సూయెజ్ కాలువకు అడ్డముగా చిక్కుకొని, ఆరు దినములు రాకపోకలను స్తంభింపజేసినది. ఇది వార్త. సొలిసిటరు దృష్టి ఇంతకంటె దూరము పోవలెను. ఓడ జపాను యజమానులది. నడిపించునది తైవాను సంస్థ. ఎగురవేసినది పనామా జెండా. నావికులు ఇరువదియైదుగురు భారతీయులు. సరకు ఆలస్యమైనందుకు నష్టము ఎవరు భరింపవలెను? భీమా కంపెనీ దేనికి బాధ్యురాలు? కాలువ అధికారులు నష్టపరిహారము కోరి ఓడను జులై వరకు నిలిపివేసినప్పుడు, అందలి సరకు యజమానులకు గతి యేమి? ఓడను విడిపించిన వారి ప్రతిఫలమును గూర్చిన వివాదము లండను న్యాయస్థానమునకు వచ్చెను. ఉభయుల మధ్య నడచిన లేఖలవలన కట్టుబడు ఒప్పందము ఏర్పడలేదని 2023లో తీర్పు వెలువడగా, 2024లో అప్పీలు న్యాయస్థానము దానినే స్థిరపరచినది. ఆపద సమయమున వ్రాసికొన్న నాలుగు లేఖలు ఒప్పందమగునా, కాదా? ఒక వార్తనుండి ఇట్టి ప్రశ్నను పట్టుకొనగలవానినే సంస్థలు వెదకుచుండును.

ఇక సత్యమును గూర్చి. ఈ ఫారములో వ్రాసినది ఫారముతో పోదు. రాని మార్కులు వచ్చినట్లు వ్రాసి ఉద్యోగములు సంపాదించి, తరువాత అది బయటపడగా, క్రమశిక్షణ ట్రిబ్యునలు ఉత్తరువుతో సొలిసిటర్ల జాబితానుండి పేరు కొట్టివేయబడినవారు కలరు. ఒక మార్కు తక్కువగుటవలన తప్పిపోవునది ఒక అవకాశము. ఒక అబద్ధమువలన పోవునది వృత్తియే. నేడు యంత్రముచేత జవాబు వ్రాయించుకొనుటయు వాడుకలోనికి వచ్చినది. దానిని గూర్చి సంస్థల నియమములు వేరువేరుగా నుండును గనుక మొదట వానిని చదువవలెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఫారము నెగ్గినవానిని పిలిపించి, ఎదుట కూర్చుండబెట్టి, వ్రాసినదానిమీదనే ప్రశ్నింతురు. తనది కాని వాక్యమును అప్పుడు సమర్థించుట ఎట్లు?

నూరు చోట్లకు ఒకే జవాబు పంపుటకంటె, పది చోట్లకు పది విధముల జవాబులు పంపుట మేలు. గడువు చివరి దినము వరకు ఆగరాదు. కొన్ని సంస్థలు దరఖాస్తులు వచ్చినవి వచ్చినట్లే చూచుచు పోవును. మాటల పరిమితి మీరరాదు. సంస్థ పేరులో అక్షరదోషముండరాదు. ఇన్ని చేసినను కాదను లేఖలు వచ్చును. అంతమాత్రమున దారి మూసికొనిపోలేదు. 2021 సెప్టెంబరు నుండి అమలులోనికి వచ్చిన కొత్త అర్హతా పద్ధతిలో, రెండేండ్ల అనుభవమును గరిష్ఠముగా నాలుగు చోట్ల సంపాదించి కూడ సొలిసిటరు కావచ్చును. సలహా కేంద్రములో చేసిన పనియు నిబంధనలకు లోబడి లెక్కకు వచ్చును.

ఇంటి పెద్దలకు ఒక మనవి. దూరదేశముననున్న బిడ్డ ఫోనులో మాటాడునప్పుడు, ఎన్ని దరఖాస్తులు పెట్టితివి, ఎందరు పిలిచిరి అని అడుగుట సహజమే. దానికి బదులు, వ్రాసిన జవాబు నొకదానిని చదివి వినిపింపుమని అడుగుడు. విన్నప్పుడు అందులో మీ బిడ్డ మీకు కనబడవలెను. కనబడనిచో, ఇది నీవు చేసిన పనియేనా, మరి ఆనాడు నీవు చేసిన ఆ పని ఏల వ్రాయలేదు అని అడుగుడు. ఆ పని ఏదో మీకే బాగుగా జ్ఞాపకముండును.